నీళ్ళు తాగిన బకిల్

ఆవిడకి భయం ఎప్పుడు పట్టుకుందో ఎవరూ చెప్పలేరు. కుర్చీ కనిపిస్తే నాలుగు కాళ్ళూ కదిపి చూసిగానీ కూర్చోదు. గ్యాస్ కట్టేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి చూసుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు పక్కనున్న కమ్మీని ముందు ఒకసారి గట్టిగా లాగి, అది తనని మోస్తుందని నమ్మకం కుదిరాకే పట్టుకుంటుంది. వాళ్ళాయనకి చిన్న సెలూన్ ఉంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి గడ్డం గీస్తూ, "మా ఆవిడకి భయపడటానికి ఏమీ దొరక్కపోతే మరీ భయం. అలాంటి రోజున నేనే ఏదో ఒక గిన్నె కింద పడేస్తాను, ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందని" అని నవ్వించేవాడు. నవ్వాల్సిన మాటే. అయితే ఆ భయమే ఆవిడకి ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది. చివరికి అంతపనీ చేసింది కూడా ఆ భయమే.

ఆవిడ పనిచేసేది ప్లాస్టిక్ భాగాలు పోతపోసే కార్ఖానాలో. కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, వరసగా మిషన్లు, మూలన ఒక అద్దాల గది, గేటు దగ్గర ఒక బల్ల. మిషన్లు ప్లాస్టిక్ గింజల్ని కరిగించి ఇనప అచ్చులోకి కూరుతాయి. అచ్చు విచ్చుకోగానే వేడివేడి ముక్కలు గంపలోకి రాలతాయి. కుర్చీల చక్రాలకి గూళ్ళు, బ్యాగులకి బకిల్స్, చంకకర్రలకి క్లిప్పులు. ఎక్కువగా నైలానే. ఆ నైలాన్‌కి ఒక గుణం ఉంది. అచ్చులోంచి ఊడిపడినప్పుడు ఒంట్లో చెమ్మ ఉండదు కాబట్టి పెళుసుగా ఉంటుంది. వంచితే పుటుక్కుమంటుంది. అదే ముక్కని వేణ్ణీళ్ళలో నానబెడితే నీళ్ళు తాగి మెత్తబడుతుంది. ఆ తర్వాత ఎంత వంచినా వంగుతుందే తప్ప విరగదు. ఆ వేణ్ణీళ్ళ తొట్టి ఆవిడ చేతికిందే ఉండేది. అందుకే అందరికీ ఆవిడ వేణ్ణీళ్ళక్క. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

తొట్టిలోంచి తీసిన ముక్కని పరీక్షించడానికి ఆవిడకో పద్ధతి ఉండేది. ముక్క నాలికని బొటనవేలితో వంచి, చెవి దగ్గర పెట్టుకుని వదిలేది. నీళ్ళు తాగిన ముక్క 'థప్' అంటుంది. తాగనిది 'టిక్' అంటుంది. టిక్ అన్నదాన్ని మళ్ళీ తొట్టిలోకి విసిరేది. ఆ చెవిని దాటి ఒక్క ముక్క కూడా గేటు బయటికి పోయేది కాదు.

అంత పట్టుదలకి కారణం లేకపోలేదు. ఆవిడ పనిలో చేరిన కొత్తల్లో, తొందర ఆర్డరు కదా అని ఒక లోడు క్లిప్పుల్ని నానబెట్టకుండానే పంపేశారు. కొంతకాలానికి ఒక ముసలాయన గేటు దగ్గరికొచ్చాడు. ఒక చేతికి కట్టు, ఇంకో చేతిలో విరిగిన చంకకర్ర క్లిప్పు. అరవలేదు, తిట్టలేదు. ఎదురుపడిన ఈవిడకి ఆ ముక్క చూపించి, "ఇది మీరే చేశారామ్మా?" అని మాత్రం అడిగాడు. ఈవిడ తల అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో తనకే తెలీదు. ఆయన ఆ ముక్కని జేబులో వేసుకుని, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచీ నీళ్ళు తాగని ముక్క చేతికొస్తే, తొట్టిలో వేసిగానీ ఆవిడ ఇంకో పని ముట్టుకునేది కాదు.

ఇలా ఉండగా కార్ఖానాకి కొత్త సరుకొచ్చింది.

తెచ్చింది అద్దాల గదిలో కొత్తగా చేరిన డిజైన్ అమ్మాయి. మంచి పిల్ల. మిషన్ల దగ్గరికొచ్చి చేతులు మురికి చేసుకోవడానికి వెనకాడదు. పసిబిడ్డల్ని ఛాతీకి కట్టుకుని తిరిగే సంచి ఒకటి తయారు చెయ్యాలని ఓనరు తలపెట్టాడు. దాని నడుం బెల్టుకి వేసే బకిల్‌ని ఈ పిల్ల కొత్తరకం ప్లాస్టిక్‌తో గీసింది. ఆ గింజల్ని దోసిట్లో పోసుకుని అందరికీ చూపించింది.

"ఇది నేలలోంచి తోడిన నూనెతో చేసింది కాదక్కా. మొక్కజొన్నలోని చక్కెరతో చేసింది. బలానికి లోపల నార పోగులు కలిపారు. నైలాన్ కన్నా గట్టిది. పైగా పనికిరాకుండా పోయాక తగిన వేడీ తడీ తగిలేలా మగ్గబెడితే మట్టిలో కలిసిపోతుంది."

"మొక్కజొన్నతోనా? అయితే ఎలకలు కొట్టుకుపోతాయేమో చూసుకో తల్లీ" అంది వేణ్ణీళ్ళక్క. మిషన్ల దగ్గరున్న వాళ్ళంతా గొల్లుమన్నారు. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వుతూనే, "దీనికి మీ తొట్టితో పనిలేదక్కా. మిషన్ దగ్గర్నుంచి నేరుగా డబ్బాలోకే" అని చెప్పి వెళ్ళిపోయింది.

వేడీ తడీ తగిలితే మట్టిలో కలిసిపోతుందన్న మాట అక్కడున్న అందరూ విన్నారు. విన్నది ఎవరి బుర్రకీ ఎక్కలేదు. చెప్పిన పిల్లకే ఎక్కలేదు, ఇక వేడినీళ్ళ దగ్గర నిలబడ్డ మనిషిని ఏమనగలం?

మొదటి గంప బకిల్స్ వచ్చాయి. ఎండుగడ్డి రంగులో, చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. ఈవిడ ఒకటి తీసి అలవాటు కొద్దీ బొటనవేలితో వంచి చెవి దగ్గర వదిలింది.

టిక్.

ఇంకోటి తీసింది. టిక్. గంపలో చెయ్యి పెట్టి అడుగునుంచి తీసింది. అదీ టిక్కే. చంకకర్ర ముసలాయన కట్టు కట్టిన చెయ్యి కళ్ళముందు ఆడింది. ఇవి చక్రాలకీ కర్రలకీ కాదు, పసిబిడ్డల కింద ఉండేవి. అద్దాల గదికేసి చూసింది. ఆ పిల్ల కంప్యూటర్‌లో తల దూర్చి ఉంది. వెళ్ళి అడిగితే పోయేది. అడగలేదు. చదువుకున్నపిల్ల అక్కర్లేదని చెప్పాక మళ్ళీ మళ్ళీ అడిగితే, తొట్టి పనెక్కడ పోతుందోనని పాకులాడుతున్నాననుకుంటారేమోనని ఇంకో భయం. నానబెడితే పోయేదేముంది, ఎక్కువ జాగ్రత్త వల్ల ఎవరికైనా నష్టం జరిగిందా అనుకుంది. అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు ఆ గంపని తొట్టిలో నైలాన్ ముక్కల కింద దాచిపెట్టింది.

తీసి వంచి చూస్తే మళ్ళీ టిక్. మొండి సరుకనుకుంది. ఇంకాసేపు ఉంచింది. అయినా టిక్. ఆ మర్నాడు ఇంకా ఎక్కువసేపు ఉడకబెట్టింది. చివరికి, పట్టినంత పట్టిందిలే, తాగినంత తాగిందిలే అని మనసుకి సర్దిచెప్పుకుని, తుడిచి ఆరబెట్టి, ఎవరి కంటా పడకుండా డబ్బాల్లో సర్దేసింది. అలా ఎండుగడ్డి రంగు బకిల్స్ దాదాపు అన్నీ ఆవిడ తొట్టిలో మునిగి లేచినవే. ఆ తర్వాత మరకలు కనిపిస్తున్నాయని రంగు మార్చి నల్లవి పొయ్యడం మొదలుపెట్టారు. అదే సమయానికి తొట్టి హీటరు కాలిపోయింది. నైలాన్ పని కూడా తగ్గిందని దాన్ని బాగుచేయించలేదు. ఆవిడని ప్యాకింగులోకి మార్చారు. నల్లవాటికి నీటిచుక్క కూడా తగల్లేదు. వాటి గురించే ఆవిడ ఎక్కువ భయపడింది, పాపం.

కార్ఖానాలో అందరికీ ఒక్కో సంచి పంచితే, ఆవిడ తన సంచిని కూతురికిచ్చింది. ఎండుగడ్డి రంగు బకిల్ ఉన్నదే ఏరికోరి మరీ తీసుకుంది. మనవరాలికి అప్పుడప్పుడే మెడ నిలుస్తోంది. "నేను చేత్తో నానబెట్టింది, నువ్వేం భయపడకు" అని కూతురికి చెప్పింది. ఆ ఒక్క మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో రాయడానికి నాకే మనసొప్పడం లేదు.

నెలలు గడిచాయి. ఒక రోజు పొద్దున బజారుకెళ్ళింది. ఆవిడ కూరల సంచి పట్టీకి కూడా ఆ ఎండుగడ్డి రంగు బకిలే ఉంది. మిగిలిపోయినది ఒకటి వాళ్ళాయన కుట్టిపెట్టాడు. టమాటాలు, నాలుగు ఉల్లిపాయలు, ఒక కాబేజీ. పెద్ద బరువేం కాదు. రోడ్డు దాటబోతుంటే భుజం ఒక్కసారిగా తేలికైంది. సంచి నేలమీద పడి టమాటాలు చెల్లాచెదురయ్యాయి. సైకిల్ మీద వెళ్తున్నతను ఒకటి తొక్కేసి, "చూసుకోవాలమ్మా" అన్నాడు. ఆవిడకి వినిపించలేదు. రోడ్డు మధ్యనే కూర్చుని బకిల్ ముక్కలు ఏరుకుంటోంది.

నైలాన్ విరిగితే విరిగినచోట తెల్లగా సాగి ఉంటుంది. వంగి వంగి ఇక చేతకాక విరిగినట్టు తెలుస్తుంది. ఇది అలా లేదు. సుద్దముక్కలా నున్నగా విరిగింది. మిగిలిన సగాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కింది. బిస్కట్టులా చిట్లింది.

తన చేతుల్లో ఉడికిన ముక్క, తన కూతురి నడుముకున్న ముక్క, రెండూ ఒకే గంపలోవి. ఈ టైముకి కూతురు బిడ్డని కట్టుకుని పనికి బయల్దేరుతుంది. రైలు పట్టాలకి అవతల జిరాక్స్ షాపులో పని. పట్టాల మీదుగా ఇనప వంతెన. కింద కంకర, పట్టాలు.

ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. బిడ్డని కట్టుకుంటే కూతురు ఫోన్ చేతిసంచిలో పడేస్తుంది, తనకి తెలుసు. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది. టమాటాలు అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఎప్పుడూ రోడ్డు రెండువైపులా చూసి, మళ్ళీ చూసి, పక్కవాళ్ళు దాటాక దాటే మనిషి, ఆ రోజు దేన్నీ చూడలేదు. ఒక ఆటోవాడు బ్రేకేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. చెప్పు ఒకటి ఊడిపోతే రెండోది కూడా విదిలించేసింది. మనసు మాత్రం ఊరికే ఉండదు కదా. వంతెన కింద జనం గుమిగూడినట్టు, ఎవరో గుడ్డ కప్పుతున్నట్టు, ఏవేవో చూపిస్తూనే ఉంది. అలాంటివి ఇన్నేళ్ళూ ఎన్నో చూపించింది. ఒక్కటీ నిజం కాలేదు. ఇది నిజమైతే తన చేత్తో చేసిన నిజం అవుతుంది.

వంతెన దగ్గరికొచ్చేసరికి కూతురు కనిపించింది. వంతెన మీద కొంతదూరం వెళ్ళి వెనక్కి తిరిగి, ఇటువైపు మెట్లు దిగుతోంది. ఏదో మర్చిపోయి ఇంటికి తిరిగి వస్తున్నట్టుంది. చుట్టూ జనం. ఛాతీకి కట్టుకున్న సంచిలో మనవరాలు బయటికి తిరిగి కూర్చుని కాళ్ళాడిస్తోంది. నడుం పక్కన ఎండుగడ్డి రంగు బకిల్ ఎండకి మెరుస్తోంది.

కేకెయ్యబోయి ఆగిపోయింది. కేకేస్తే కూతురు చటుక్కున తిరుగుతుంది, తిరిగితే బెల్టు గుంజుకుంటుంది. నోరు నొక్కుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. అంతలో మనవరాలు తలెత్తింది.

ఆ బిడ్డకి అమ్మమ్మంటే ప్రాణం. దూరంనుంచి కనిపిస్తే చాలు, రెండు చేతులూ ఆడిస్తూ సంచిలో కుప్పిగంతులు వేస్తుంది. ఆ గంతులు చూసే కదా ఇన్నాళ్ళూ ఈవిడ మురిసిపోయింది. ఇప్పుడు పై ప్రాణాలు పైనే పోయాయి. బిడ్డ చూపు ఇటు తిరిగేలోగా, ముందు బస్తా మోసుకుని ఎక్కుతున్న ఒకాయన వెనక్కి నక్కింది. చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సొంత మనవరాలి కంట పడకుండా దొంగలా దాక్కుని, బస్తా చాటున ఒక్కో మెట్టూ ఎక్కింది. మెట్టు మెట్టుకీ బకిల్ కేసే చూస్తోంది. కూతురు ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా బిడ్డ బరువు కిందికి ఒకసారి ఊగుతోంది, బెల్టు ఒకసారి బిగుస్తోంది. ఈసారికి ఆగు, ఇంకొక్కసారి ఆగు అని ఆ ముక్కని బతిమాలుకుంది. మనుషుల్ని కూడా అంతగా ఎప్పుడూ బతిమాలుకోలేదు.

దగ్గరికి రాగానే బస్తా పక్కనుంచి జరిగి రెండు చేతులూ బిడ్డ కింద పెట్టేసింది. అమ్మమ్మ మొహం చూసి బిడ్డ కేరింతలు కొడుతూ ఒక్క గంతు వేసింది. ఆ గంతు ఈవిడ అరచేతుల్లోనే పడింది.

"అమ్మా! ఏంటిలా, ఎక్కడనుంచి ఊడిపడ్డావు? చెప్పులేవి?"

"కదలకు. నువ్వు కదలకు తల్లీ. కమ్మీ పట్టుకో. పాపని నా చేతుల్లోకి రానీ."

"మళ్ళీ ఏం కలొచ్చింది నీకు? జనం చూస్తున్నారు."

"చూడనీ."

బిడ్డని సంచిలోంచి తీసి భుజానికెత్తుకుని చివరి మెట్టు దాకా దిగింది. కూతురు విసుక్కుంటూ బెల్టు తీసి, "ఏముంది దీనికి? బంగారంలా ఉంది" అని బకిల్‌ని బొటనవేలితో నొక్కింది. నొక్కడమంటే గట్టిగా కూడా కాదు. పుటుక్కుమని రెండు ముక్కలై మెట్టుమీద పడింది. కూతురు ఆ ముక్కలకేసి చూసింది. పైకి, వంతెనకేసి చూసింది. మెల్లగా మెట్టుమీద కూలబడింది.

అక్కడినుంచే అడిగింది. "ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయమ్మా?"

ఈవిడకి అంతవరకూ ఆ ఆలోచనే రాలేదు. తన మనవరాలు తన భుజం మీదుంది. భయమంతా దిగిపోవాలి. దిగిపోలేదు సరికదా, అప్పుడే అసలు భయం మొదలైంది. తన చేతులమీదుగా డబ్బాలకి డబ్బాలు వెళ్ళిపోయాయి. ఏ వంతెన మీద ఎవరున్నారో.

పాపని కూతురికిచ్చి, ఆ రెండు ముక్కలూ తీసుకుని కార్ఖానాకి బయల్దేరింది. దారంతా రకరకాలుగా ఆలోచించింది. ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలీదు. తొట్టి కూడా తుక్కు కింద పోయింది. సరుకే నాసిరకం అనుకుంటారు. ఉద్యోగం పోతుందేమో, పోలీసులు వస్తారేమో, వాళ్ళాయన సెలూన్‌లో జనం ఏమనుకుంటారో. భయపడటంలో ఆవిడకి చాలా అనుభవం ఉంది కాబట్టి ఏ ఒక్కటీ వదిలిపెట్టలేదు. గేటు దగ్గరికొచ్చేసరికి, ఒకప్పుడు ముసలాయన నిలబడ్డ చోటు కనిపించింది. అక్కడ ఎవరూ లేరు. ఈవిడే అక్కడ ఆగి, లోపలికెళ్ళింది.

అద్దాల గదిలో ఓనరు అరుస్తున్నాడు. ఒక బకిల్ పగుళ్ళిచ్చిందని ఎవరో తల్లి రాసిందట. డిజైన్ అమ్మాయి వారంనుంచీ గోదాంలో ఉన్న బకిల్స్ అన్నీ బిగించి, లాగి, వేలాడదీసి చూస్తోంది. ఒక్కటీ విరగలేదు. గోదాంలో ఉన్నవన్నీ నల్లవే మరి.

"విరగదంటావు, పగుళ్ళొచ్చాయని ఫొటో పంపించారు. ఏది నమ్మాలి నేను? కొత్త సరుకు కొత్త సరుకని నా నెత్తిమీద పెట్టావు" అంటున్నాడు ఓనరు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

"సార్, ఆ పిల్లనేం అనకండి" అంది వేణ్ణీళ్ళక్క. రెండు ముక్కలూ బల్లమీద పెట్టింది. "నేను వీటిని తొట్టిలో వేశాను. వద్దన్నా వేశాను. ఎండుగడ్డి రంగువి దాదాపు అన్నీ వేశాను."

ఆ పిల్ల ముక్కల్ని చేతిలోకి తీసుకుని విరిగిన అంచు చూసింది.

"వేడినీళ్ళలోనా? ఎంతసేపు?"

"థప్ అనేదాకా. అది అనలేదు తల్లీ. అనలేదని ఇంకా ఉడకబెట్టాను."

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. "నైలాన్ నీళ్ళు తాగితే మెత్తబడుతుందక్కా. ఇది వేణ్ణీళ్ళలో లోపల పోగుపోగు తెగిపోతుంది. పైకేమీ తెలీదు. ఒక్కసారి మొదలైతే లోపలి చెమ్మ మెల్లమెల్లగా తింటూనే ఉంటుంది." ముక్కలు బల్లమీద పెట్టి, "ఎందుకు వద్దో నేను చెప్పాల్సింది. వద్దని చెప్పి వెళ్ళిపోయాను" అంది.

"నేను అడగాల్సింది" అంది ఈవిడ.

ఓనరు కుర్చీలో కూలబడ్డాడు. నోరున్న మనిషి. ఇల్లెగిరిపోయేలా అరుస్తాడనుకుంది. అరవలేదు. "మా చిన్నమ్మాయి బిడ్డకి కూడా అదే ఇచ్చాను" అని ఫోన్ తీశాడు. నెంబరు నొక్కి, "నువ్వే చెప్పు" అని ఫోన్ ఆ పిల్ల చేతికిచ్చాడు.

ఆ తర్వాత కార్ఖానా అంతా అదే పని. కొన్నవాళ్ళకి ఫోన్లు, షాపులకి కబుర్లు, పేపర్లో ప్రకటన, 'ఎండుగడ్డి రంగు బకిల్ ఉంటే వెంటనే వాడటం ఆపండి, తెచ్చివ్వండి' అని. తిరిగొచ్చే సంచులు తీసుకోవడానికి గేటు దగ్గర బల్లేసి ఎవరైనా కూర్చోవాలన్నారు. ఈవిడే కూర్చుంటానంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఓనరు చెప్పలేదు, ఈవిడ అడగలేదు.

జనం వచ్చారు. వాడొద్దన్నా కొందరు అదే సంచిలో బిడ్డని కట్టుకుని మరీ వచ్చారు, తిరిగిచ్చేదాకా ఇంకేం చేస్తాం అన్నట్టు. అలాంటివాళ్ళు మలుపు తిరగ్గానే ఈవిడ బల్ల వదిలి పరుగెత్తి, ముందు బిడ్డ కింద చేతులు పెట్టేది. "మాట తర్వాత, ముందు బిడ్డనివ్వమ్మా." కొందరు నవ్వారు. కొందరు చిరాకుపడ్డారు. బిడ్డని తీశాక, వాళ్ళెదురుగానే బకిల్ నొక్కేది. కొన్ని నిలిచాయి. కొన్ని పుటుక్కుమన్నాయి. పుటుక్కుమన్నప్పుడల్లా ఎదురుగా ఉన్న తల్లి మొహంలో రక్తం ఇంకిపోవడం ఈవిడ చూడాల్సి వచ్చింది. తలతిప్పుకోలేదు. ఒకావిడ ముక్కలు చేతిలో పట్టుకుని, "ఇది మీరే చేశారా?" అని అడిగింది. చాలా ఏళ్ళకిందట ఇదే గేటు దగ్గర విన్న ప్రశ్న.

"నేనే చేశానమ్మా" అంది. ఆవిడ తిట్టింది. తిట్టినంతసేపూ నిలబడి వింది.

చాలావరకు తిరిగొచ్చాయి. అన్నీ రాలేదు. ఒకరిచ్చింది ఇంకొకరికిచ్చినవి, ఊరు మారినవాళ్ళవి, ప్రకటన చూడనివాళ్ళవి, ఎక్కడో తిరుగుతూనే ఉన్నాయి. వేణ్ణీళ్ళక్కకి వీధిలో నడవడం కష్టమైపోయింది. ఎదురొచ్చే ఎవరి మొహమూ చూడదు, ఛాతీకేసి చూస్తుంది, నడుం పక్కకి చూస్తుంది. వాళ్ళాయన ఇప్పుడు సెలూన్‌లో ఆవిడ గురించి జోకులు వెయ్యడం మానేశాడు. ఒకసారి మాత్రం, "ఎన్నాళ్ళే ఇలా?" అన్నాడు. "అన్నీ వచ్చేదాకా" అంది.

ఒక సాయంత్రం పని నుంచి వస్తూ బస్సెక్కింది. కిక్కిరిసి ఉంది. ముందు తలుపు దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. కొత్తగా తండ్రయినవాడిలా ఉన్నాడు. ఒక చెయ్యి పైన రాడ్ మీద, ఇంకో చేతిలో పాలసీసాలున్న సంచి. ఛాతీకి నిద్రపోతున్న బిడ్డ. ఇద్దరు మనుషుల మధ్య సందులోంచి నడుం పక్కన రంగు కనిపించింది. ఎండుగడ్డి రంగు.

"జరగండి, కాస్త జరగండి బాబూ" అంటూ మోచేతులతో తోసుకుంటూ వెళ్ళింది. ఎవరో కాలు తొక్కారంటూ గొణిగారు. కండక్టర్ "దిగాలా అమ్మా?" అన్నాడు. కుర్రాడి దగ్గరికి చేరగానే రెండు అరచేతులూ చాపి బిడ్డ కింద పెట్టింది. కుర్రాడు ఉలిక్కిపడి వెనక్కి జరగబోయాడు, జరగడానికి చోటు లేదు.

"ఏంటిది? ఎవరు మీరు? చెయ్యి తియ్యండి!"

"తియ్యను బాబూ. ఆ సంచి పారేసి నువ్వూ ఒక చెయ్యి కింద పెట్టు. తర్వాత తిట్టు, ఎంత తిడతావో తిట్టు."

"పిచ్చిదానిలా ఉందే. ఎవరైనా పక్కకి లాగండి ఈవిణ్ణి" అన్నాడు. వెనకనుంచి ఎవరో భుజం పట్టుకుని లాగారు. ఈవిడ కాళ్ళు తన్నిపట్టి నిలబడింది. తన భయాలు ఎన్నిసార్లు ఉత్తవే అయ్యాయో తనకి తెలుసు. ఇది కూడా ఉత్తదే కావాలని, పిచ్చిదనిపించుకుని ఇంటికెళ్ళాలని ఎంతో కోరుకుంది.

అప్పుడే డ్రైవరు బ్రేకేశాడు. బస్సంతా ముందుకి తూలింది. చిన్న చప్పుడు, ఆవిడ చెవికి తప్ప ఎవరికీ వినిపించనంత చిన్నది. బెల్టు ఊడి పక్కకి వేలాడింది. బిడ్డ బరువు మొత్తం ఆవిడ చేతుల్లోకి వచ్చింది.

భుజం పట్టుకున్న చెయ్యి వదిలేసింది. కుర్రాడు వేలాడుతున్న బెల్టునీ, బిడ్డనీ, ఆవిడనీ మార్చి మార్చి చూశాడు.

"మీకు... మీకెలా తెలిసింది?"

"నేనే చేశాను బాబూ దాన్ని" అంది వేణ్ణీళ్ళక్క.

బిడ్డ నిద్ర లేవలేదు. పెదాలు ఒకసారి చప్పరించి మళ్ళీ నిద్రలోకి జారుకుంది. తండ్రి రెండు చేతులతో గట్టిగా పొదువుకున్న తర్వాత కూడా, బస్సు ఆగేదాకా ఆవిడ తన చేతులు ఆ బిడ్డ కిందినుంచి తియ్యలేదు.